డాంగిల్ ఎక్కడ పెట్టారు?

వైర్‌లెస్ మౌస్‌తో కంప్యూటర్ గేమ్స్ ఆడేవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకే మాటల్లో వినిపిస్తుంది. వాలరంట్‌లోనో కౌంటర్ స్ట్రైక్‌లోనో మూల తిరగగానే శత్రువు ఎదురుపడ్డాడు. గురి అటు తిప్పబోతే మౌస్ లిప్తపాటు బిగుసుకుపోయింది. ఆ వెంటనే ఒక్క గెంతు గెంతి ఎక్కడికో పోయింది. ఈలోగా అవతలివాడు కాల్చేశాడు. గేమ్ మూసేసి బ్రౌజర్ తెరిస్తే అదే మౌస్ ఏ వంకా లేకుండా కదులుతుంది.

దీనికి దొరికే సలహాలూ ఏళ్ల తరబడి అవే. సెల్ మార్చండి, డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, డాంగిల్ (మౌస్ సంకేతం అందుకునే చిన్న యూఎస్‌బీ రిసీవర్) పీకి పెట్టండి, విండోస్ మళ్లీ ఎక్కించండి, చివరికి కొత్త మౌస్ కొనండి. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ప్రతిదీ ఎవరో ఒకరికి పనిచేసే ఉంటుంది. ఏ లక్షణం కనిపిస్తే ఏది చేయాలో చెప్పకుండా అన్నీ వరుసగా చేయమనడంలోనే చిక్కంతా ఉంది. దాంతో రెండు మూడు వేలు పోసి కొన్న మౌస్‌ను పక్కన పడేసి మరొకటి కొంటున్నారు, అదీ అదే చోట అలాగే ఆగుతుంది. ఈ సలహాలన్నీ తూచి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇది: ఆటలో తడబడే మౌస్‌లలో చెడిపోయినవాటికంటే, డాంగిల్ ఉండకూడని చోట ఉన్నవే ఎక్కువ. డ్రైవర్ల జోలికి, దుకాణం జోలికి వెళ్లకముందే ఆ చిన్న ముక్క ఎక్కడుందో చూడాలి.

మామూలు పనిలో కనిపించని లోపం ఆటలోనే ఎందుకు బయటపడుతుంది? ఆటలో కళ్లప్పగించి చూస్తాం కాబట్టి అన్నది సగం జవాబు. మామూలు ఆఫీసు మౌస్ తన కదలికను సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి కంప్యూటర్‌కు చెబుతుంది. గేమింగ్ మౌస్ సెకనుకు 1000 సార్లు చెబుతుంది. ఈ లెక్కనే పోలింగ్ రేట్ అంటారు. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో ఫ్రేము నిలిచేది దాదాపు 7 మిల్లీసెకన్లు. ఎక్సెల్ షీటులో ముప్ఫై మిల్లీసెకన్లు కబురు అందకపోతే కంటికి ఆనదు. గురి పెట్టేవాడికి మాత్రం నాలుగు ఫ్రేములు గల్లంతయినట్టే.

మిగతా సగం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆట మొదలవగానే కంప్యూటర్ చుట్టూ గాలి కూడా మారుతుంది. గేమ్ ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లో ఉంటే దాని కేబుల్‌లో డేటా పారడం మొదలవుతుంది. వైఫై కార్డు ఆట సమాచారాన్నీ స్నేహితులతో మాటల్నీ ఆపకుండా పంపుతూ అందుకుంటూ ఉంటుంది. చెవులకు బ్లూటూత్ హెడ్‌సెట్ ఎక్కుతుంది. ఇవన్నీ మౌస్ మాట్లాడే పౌనఃపున్యంలోనో దాని పక్కనో సందడి చేసేవే. బ్రౌజర్ ముందు కూర్చున్నప్పుడు ఈ సందడి లేదు. అందుకే ‘డెస్క్‌టాప్ మీద బాగానే ఉంది కదా, మరి తప్పు గేమ్‌దే’ అని తేల్చేయడం తొందరపాటు.

మౌస్‌కూ డాంగిల్‌కూ మధ్య మాట ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే లక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. మౌస్ చిన్న ప్యాకెట్ పంపుతుంది. డాంగిల్ ‘అందింది’ అని బదులు చెబుతుంది. బదులు రాకపోతే మౌస్ మళ్లీ పంపుతుంది. ఎన్నో మౌస్‌లలో వాడిన నార్డిక్ సెమీకండక్టర్ రేడియో చిప్పుల్లో ఈ బదులు వినడం, తిరిగి పంపడం చిప్పే స్వయంగా చేసుకుంటుంది. ఒకటి రెండు ప్యాకెట్లు పోతే మనకు తెలియనే తెలియదు. వరుసగా పదీ ఇరవై పోతే కర్సర్ ఆగుతుంది. ఈలోగా చెయ్యి కదులుతూనే ఉంటుంది కాబట్టి, ఆగినంతసేపటి కదలిక దారి దొరకగానే ఒక్కసారి వచ్చి పడుతుంది. బిగుసుకుని తర్వాత గెంతడం వెనక జరిగేది ఇదే. ఆ జంట లక్షణం కనిపిస్తే రేడియో మీద అనుమానపడాలి.

ఇతర లక్షణాలు వేరే దారి చూపిస్తాయి. గెంతు లేకుండా మౌస్ మొదటినుంచీ చివరిదాకా బరువుగా, చెయ్యి కదిలిన కాసేపటికి కదిలినట్టు ఉంటే అది బ్లూటూత్ కావచ్చు, గేమ్ సెట్టింగుల్లో వీ-సింక్ కావచ్చు. గురి ఉన్నట్టుండి ఆకాశంలోకో నేలలోకో తిరిగిపోతే మౌస్ అడుగునున్న సెన్సర్‌నూ కింద పరిచిన ప్యాడ్‌నూ చూడాలి. విండోస్‌లో ఏదైనా పరికరం ఊడినప్పుడు వచ్చే ‘డుం’ చప్పుడు వినిపించి, మళ్లీ తగిలిన చప్పుడు వస్తే గాలిలో ఏ దోషమూ లేదు, యూఎస్‌బీ పోర్టు దగ్గరే తెగుతోంది. మౌస్‌తో పాటు కీబోర్డూ బొమ్మా అన్నీ ఆగితే కంప్యూటరే మోయలేకపోతోందన్నమాట. మన చూపు సాఫీగా తిరుగుతూ ఎదుటి ఆటగాళ్లు మాత్రం ఒకచోట మాయమై మరోచోట తేలుతుంటే అది ఇంటర్నెట్ ల్యాగ్. దానికి మౌస్ మారిస్తే ఒరిగేదేమీ లేదు.

ఇంతకంటే గట్టి పరీక్ష ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. ఛార్జింగ్ ఉన్న గేమింగ్ మౌస్‌లు చాలావరకు వైరు తగిలిస్తే వైర్డ్ మౌస్‌లా పనిచేస్తాయి. వైరుతో ఒక పూట ఆడి చూడండి. తడబాటు పోతే కారణం రేడియోయే. పోకపోతే సెన్సరో, యూఎస్‌బీనో, గేమో. పెన్సిల్ సెల్‌తో నడిచే మౌస్ అయితే ఏ పాత వైర్డ్ మౌస్‌తోనైనా ఇదే చూడొచ్చు. ఈ ఒక్క పని చేయకుండా డ్రైవర్ల జోలికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. సాయంత్రమంతా పోగొట్టుకుని మొదలుపెట్టిన చోటికే వస్తారు.

గాలిలో ఇరుకు

వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్, పాత తరహా వైఫై, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005లో నియమాలు ప్రకటించింది. ఇళ్లలోకి వైఫై రూటర్లు అంత సులువుగా వచ్చాయంటే ఆ నిర్ణయం ముఖ్య కారణాల్లో ఒకటి. ఈ ఇరుకూ దానివల్ల వచ్చిందే. ఆ 83.5 మెగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా పట్టే వైఫై ఛానళ్లు మూడే: 1, 6, 11. హైదరాబాద్ అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లలో ఒక్కో అంతస్తులో ఎన్ని రూటర్లు, ఎన్ని ఫోన్ హాట్‌స్పాట్లు ఉంటాయో అక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. అవన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి.

గేమింగ్ మౌస్‌లు దీనికి సిద్ధపడే తయారవుతాయి. ఒక ఛానల్ ఇరుకైతే మరోదానికి జరుగుతాయి. బ్లూటూత్ కూడా అంతే. ఇరుకైన ఛానళ్లను వదిలి తిరిగే పద్ధతి దానికి 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే ఉంది. అందుకే పక్కింటి రూటర్ వల్ల మౌస్ ఆగిపోయిందంటే నేను అంత తేలిగ్గా నమ్మను. పక్కింటి రూటర్ కంటే మీ కంప్యూటర్ వెనక బిగించిన వైఫై యాంటెన్నాతోనే పోరు ఎక్కువ. మౌస్ పంపే శక్తి ఒక మిల్లీవాట్ ప్రాంతంలో ఉంటుంది. వైఫై పంపేది అంతకు పదుల రెట్లు. ఆ యాంటెన్నాకు నాలుగు వేళ్ల దూరంలో డాంగిల్ గుచ్చితే, వైఫై మాట్లాడినప్పుడల్లా డాంగిల్‌కు మౌస్ మాట వినపడదు.

దీనికి మందు ఖరీదైనది కాదు. కంప్యూటర్‌ను రూటర్‌కు కేబుల్‌తో కలపడం అన్నిటికంటే మేలు. ఆట పింగ్ కూడా తగ్గుతుంది. కుదరకపోతే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. ఆ వైపు చోటు చాలా ఎక్కువ, 2018లో ప్రభుత్వం అక్కడ లైసెన్సు లేకుండా వాడుకునే పరిధిని మరింత పెంచింది కూడా. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆడేవాళ్లు కూడా ఫోన్ సెట్టింగుల్లో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కు పెట్టుకోవచ్చు. ఐఫోన్ అయితే ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ అన్న మీట ఆపాలి, అది ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ 2.4కే పోతుంది. రూటర్ 2.4 మీదే ఉండక తప్పని ఇంట్లో దాని ఛానల్ వెడల్పును 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే మౌస్‌కు కొంత చోటు మిగులుతుంది.

నీలి పోర్టు పక్కన

అయితే రూటర్లకంటే దగ్గర్లో, చాలామంది అనుమానించని మరో శత్రువు ఉంది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది. అంత వేగంగా మారే విద్యుత్ సంకేతం కేబుల్ లోపలే ఉండిపోదు. కొంత రేడియో రొదగా బయటికి వస్తుంది. ఆ వేగానికి రొద ఎక్కువగా పడే చోట్లలో 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ ఒకటి, అంటే సరిగ్గా మౌస్ ఉండే చోటు. ఇది ఆట పిచ్చివాళ్ల ఊహ కాదు. ఇంటెల్ కంపెనీయే 2012లో దీనిమీద ఒక పత్రం ప్రచురించింది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తగిలించగానే ఆ పౌనఃపున్యాల్లో రొద స్థాయి దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని కొలిచి చూపించింది. రొద కంప్యూటర్ పోర్టు నుంచీ, హార్డ్‌డిస్క్ కనెక్టర్ నుంచీ, మధ్య కేబుల్ నుంచీ కూడా వెలువడుతుందని చెప్పింది. వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ను పక్కనే పెట్టి పరీక్షించి, మౌస్ కాస్త దూరం జరగగానే స్పందన తడబడుతుందని రాసింది. కనెక్టర్లకూ పరికరాలకూ లోహపు కవచం సరిగా వేయాలని, డాంగిల్‌ను దూరంగా ఉంచాలని సూచించింది.

20 డెసిబెల్స్ అంటే రొద శక్తి వంద రెట్లు. ఇప్పుడు మన బల్లల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. క్యాబినెట్ కింద నేలమీద ఉంటుంది. డాంగిల్ వెనకవైపు నీలి రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో ఉంటుంది. దాని పైపోర్టులో బయటి హార్డ్‌డిస్క్, పక్కన వైఫై యాంటెన్నా. మౌస్ బల్లమీద, మధ్యలో క్యాబినెట్ ఇనప రేకు, బల్ల చెక్క, ఆడేవాడి మోకాళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఇనుము అడ్డుకుంటుంది, నీటితో నిండిన మన ఒళ్లు కొంత పీల్చుకుంటుంది. ఇన్నిటిని దాటి ఒక మిల్లీవాట్ మాట డాంగిల్‌కు చేరాలి. పెళ్లిపందిట్లో బాజాల పక్కన నిలబడినవాడికి పందిరి అవతలినుంచి మెల్లగా చెప్పిన కబురు వినపడాలని కోరుకోవడం లాంటిదే ఇది.

కాబట్టి డాంగిల్‌ను మౌస్ దగ్గరికి తేవాలి. లాజిటెక్ తన గేమింగ్ మౌస్‌ల సూచనల్లో రిసీవర్ మౌస్‌కు 20 సెంటీమీటర్లలోపు ఉండాలని, రూటర్ల వంటి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలకు రెండు మీటర్లకు పైగా దూరంగా ఉండాలని స్పష్టంగా రాస్తుంది. చాలా గేమింగ్ మౌస్‌ల డబ్బాలోనే ఒక ఎక్స్‌టెన్షన్ కేబులో అడాప్టరో ఇస్తారు. అది ఎందుకిచ్చారో తెలియక చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. దాని విలువ లెక్కవేసి చూద్దాం. మౌస్‌కు 120 సెంటీమీటర్ల దూరంలో ఉన్న డాంగిల్‌ను 20 సెంటీమీటర్లకు తెస్తే దూరం ఆరో వంతు అవుతుంది. అడ్డంకులు లేని గాలిలో సంకేతం దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇంటెల్ కొలిచిన రొదలో అధిక భాగానికి అదొక్కటే సమాధానం. డాంగిల్ ఆ రొదకూ, ఇనప రేకుకూ దూరం జరగడం దానికి అదనం. ఏ డ్రైవరూ, ఏ సెట్టింగూ ఇంత మేలు చేయలేదు. మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు. మౌస్ డేటాకు యూఎస్‌బీ 3.0 వేగం అవసరమే లేదు.

క్యాబినెట్ ముందు పోర్టులో పెట్టుకోమనే సలహా కూడా తరచూ వినిపిస్తుంది. దూరం తగ్గుతుంది కాబట్టి అది సగం మంచిదే. కానీ ఈ మధ్య క్యాబినెట్లలో ముందు పోర్టులు యూఎస్‌బీ 3.0వే, వాటి పక్క పోర్టులోనే పెన్ డ్రైవులు, హార్డ్‌డిస్కులు గుచ్చుతాం. ముందు పోర్టు వాడితే దాని పక్కది ఖాళీగా ఉంచాలి. క్యాబినెట్ తయారీదారులు ముందువైపు ఒక్క యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. ఖర్చు తక్కువ, ఉపయోగం రోజూ.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. కొన్నింటికి రెండే పోర్టులుంటాయి, అన్నీ టైప్-సీ హబ్‌కే తగులుతాయి. మానిటర్ కేబుల్, హార్డ్‌డిస్క్, డాంగిల్ మూడూ ఆ అరచేయంత హబ్‌లో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. డాంగిల్‌ను పెట్టడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. ల్యాప్‌టాప్‌కు నేరుగా ఉన్న పోర్టు డాంగిల్‌కు ఇచ్చి, హబ్‌ను రెండోవైపు పెట్టుకోవాలి. కుడిచేత్తో ఆడేవాళ్లు కుడివైపు పోర్టు డాంగిల్‌కే కేటాయించాలి.

బ్లూటూత్ గురించి నా మాట సూటిగా చెబుతాను: గురి చూసి కాల్చే ఆటలకు అది పనికిరాదు. ఇప్పుడు మామూలుగా వాడే తక్కువ విద్యుత్ బ్లూటూత్‌లో రెండు పలకరింపుల మధ్య కనీస విరామం 7.5 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 133 సార్లు మించదు. డాంగిల్‌తో 1000 వచ్చే మౌస్‌నే బ్లూటూత్‌లో పెడితే ఏడెనిమిది రెట్లు నెమ్మదిస్తుంది. ప్యాకెట్ ఒకటి పోతే నష్టం కూడా అంత పెద్దది. రెండు పద్ధతులూ ఉన్న మౌస్‌లకు అడుగున ఒక మీట ఉంటుంది. బ్యాగులో పెట్టి తీసేటప్పుడు అది జరిగిపోవడం మామూలే. కాబట్టి ఫిర్యాదు చేసేముందు మౌస్ తిప్పి ఆ మీట చూడాలి. అసెంబుల్ చేయించుకున్న పీసీల్లో ఇంకో లోటు తరచూ జరుగుతుంది. మదర్‌బోర్డులోని వైఫై, బ్లూటూత్ రెండూ వాడుకునేది అవే యాంటెన్నాలను. ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్ ఉంది కదా అని ఆ యాంటెన్నాలు బిగించకుండా డబ్బాలోనే వదిలేస్తారు. బ్లూటూత్ మౌస్ అడుగు దూరంలో బాగుండి, మూడడుగుల్లో తెగిపోతోందంటే క్యాబినెట్ వెనకవైపు ఆ రెండు ఇత్తడి మరలు ఖాళీగా ఉన్నాయేమో చూడండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పీసీ కట్టించుకునేవాళ్లు బిల్లు కట్టేముందే అడిగి బిగించుకోవడం మంచిది.

తెగేది గాలిలో కానప్పుడు

‘డుం’ చప్పుడుతో మౌస్ పోయి రావడం రేడియో సమస్య కాదని ముందే చెప్పాను. విండోస్ విద్యుత్ ఆదా కోసం వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. ఒక్కోసారి నిద్ర లేపడం ఆలస్యమవుతుంది. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపడం, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లోని టిక్కు తీయడం వినిపించే సలహాల్లో నేను పూర్తిగా సమర్థించేవి. ఆడేటప్పుడు ఛార్జర్ పెట్టుకుంటారు కాబట్టి ఆదా పోతుందన్న బెంగా అక్కర్లేదు.

యూఎస్‌బీ తెగిపోవడంలో వాడేవాడి తప్పూ మౌస్ తప్పూ ఏమీ ఉండదని తేల్చిన ఉదాహరణ 2021లో జరిగింది. ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్ మదర్‌బోర్డుల మీద యూఎస్‌బీ పరికరాలు అడపాదడపా తెగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఏఎండీ ఆ సంవత్సరం ఫిబ్రవరిలో బహిరంగంగా ఒప్పుకుని, వాడుకరుల నుంచి వివరాలు అడిగింది. ఈలోగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగాన్ని నాలుగో తరం నుంచి మూడో తరానికి తగ్గించి చూడమంది. తర్వాత అజీసా 1.2.0.2 అన్న బయోస్ కోడ్‌తో సరిచేసింది, అది ఏప్రిల్ నుంచి మదర్‌బోర్డు కంపెనీల ద్వారా అందింది. ఆ కాలపు బోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మౌస్ మార్చేముందు బయోస్ వెర్షన్ చూసుకోవాలి. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా అది తగ్గే జబ్బు కాదు.

డ్రైవర్ మళ్లీ వేయడం గురించి ఇక్కడే చెప్పాలి. మౌస్ విండోస్ సొంత డ్రైవర్‌తోనే నడుస్తుంది. దాన్ని తీసేసి పెడితే అదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కొందరికి పనిచేసిందంటే చాలావరకు అది డాంగిల్‌ను పీకి వేరే పోర్టులో పెట్టడం వల్ల, లేదా కంప్యూటర్ రీస్టార్ట్ కావడం వల్ల అయ్యుంటుంది. ఫర్మ్‌వేర్ మాట వేరు. మౌస్‌లోనూ డాంగిల్‌లోనూ కంపెనీ రాసిన సాఫ్ట్‌వేర్ ఉంటుంది. 2016లో బాస్టిల్ అనే సంస్థ పరిశోధకులు మౌస్‌జాక్ పేరుతో ఎన్నో కంపెనీల డాంగిళ్లలో భద్రతా లోపం బయటపెట్టినప్పుడు, లాజిటెక్ వంటివి డాంగిల్ ఫర్మ్‌వేర్ మార్చే సరిచేశాయి. కనెక్షన్ లోపాలు కూడా కొన్ని అలా తగ్గుతాయి. కంపెనీ సొంత యాప్‌లో అప్‌డేట్ చూపిస్తే చేసుకోవాలి. ల్యాగ్ మాయం చేస్తామనే ఊరూపేరూ లేని ప్రోగ్రాములను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

సెల్లు, బ్యాటరీల మీద సలహా నిజమే గానీ అసంపూర్ణం. బ్యాటరీ పూర్తిగా అయిపోతే మౌస్ చచ్చిపోతుంది, అది అందరికీ తెలుసు. సగం అయిపోయిన నాసిరకం సెల్ చేసేది వేరు. కదలనప్పుడు వోల్టేజి బాగానే ఉంటుంది, రేడియో ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు కుంగుతుంది. గోడగడియారానికి వేసే చవక జింక్ కార్బన్ సెల్లుల్లో ఈ కుంగుబాటు ఎక్కువ. గేమింగ్ మౌస్‌కు ఆల్కలైన్ సెల్ వేయాలి. ఛార్జ్ చేసుకునే నికెల్ సెల్ వేస్తే పర్వాలేదు, అయితే దాని వోల్టేజి 1.5 బదులు 1.2 కాబట్టి యాప్‌లో కనిపించే శాతాన్ని నమ్మకూడదు. లాజిటెక్ జీ304 వంటి మౌస్‌కు ఒక్క పెన్సిల్ సెల్‌తో 250 గంటలని కంపెనీ చెబుతుంది. వారం తిరక్కుండా సెల్ అయిపోతుంటే పోలింగ్ రేట్ కంటే ముందు సెల్ రకాన్ని చూడాలి.

పోలింగ్ రేట్ ఇప్పుడు 4000, 8000 దాకా వెళ్లింది. 8000 అంటే మిల్లీసెకనులో ఎనిమిదో వంతుకోసారి కబురు. కాగితం మీద గొప్పగా ఉంటుంది. బ్యాటరీ తొందరగా తగ్గుతుంది, గాలిలో ఎక్కువ సమయం కావాలి, ప్రతి కబురునూ ప్రాసెసర్ పట్టించుకోవాలి. పాత గేములూ చిన్న ప్రాసెసర్లూ ఆ తాకిడికి ఫ్రేములు వదిలేస్తాయి, ఆడేవాడు మౌస్ తెగుతోందనుకుంటాడు. ఎక్కువ వేగపు మౌస్‌లతో ఆటలు తడబడకుండా మైక్రోసాఫ్ట్ 2023 మధ్యలో విండోస్ 11కు ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. నా అభిప్రాయంలో మన దగ్గర మామూలుగా ఆడే పీసీలకు 1000 చాలు. సమస్య ఉన్నప్పుడు 500కు దించి చూడండి. తడబాటు తగ్గితే ప్రాసెసర్‌కో గాలికో భారం ఎక్కువైందని తెలుస్తుంది.

సెన్సర్ సంగతి క్లుప్తంగా: గాజు బల్ల, మెరిసే లామినేట్, ప్యాడ్ మీద చిరిగిన అంచు, సెన్సర్ గుంటలో ఇరుక్కున్న ఒక్క వెంట్రుక, ఇవన్నీ గురిని ఉన్నట్టుండి తిప్పేస్తాయి. ఊది, పొడి గుడ్డతో తుడిచి, గుడ్డ ప్యాడ్ మీద పెట్టి చూస్తే తేలుతుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడడం మీట అరిగిపోయిందనడానికి గుర్తు, దానికీ కనెక్షన్‌కూ సంబంధం లేదు.

ఇంత చెప్పాక వైర్‌లెస్సే వద్దంటున్నానా అని ఎవరైనా అడగొచ్చు. కానే కాదు. లాజిటెక్ 1991లో రేడియో మౌస్ తెచ్చినా, పాతికేళ్ల తర్వాత కూడా పోటీ ఆటగాళ్లు వైరు వదల్లేదు. 2016 తర్వాత వచ్చిన మౌస్‌లు, ముఖ్యంగా 2018 నాటి జీ ప్రో వైర్‌లెస్, ఆ భయాన్ని పోగొట్టాయి. ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో వైర్‌లెస్సే మామూలు. వేలమంది ఫోన్లున్న హాల్లో అవి నిలబడుతున్నాయంటే ఆ రేడియోలు మంచివే. ఆ ఆటగాళ్ల బల్లల మీద డాంగిల్ ప్యాడ్ అంచునే ఉంటుంది. మన ఇళ్లలో అది నేలమీది క్యాబినెట్ వెనక ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే అప్పుడు మౌస్‌ను నిజంగా అనుమానించాలి. డాంగిల్‌తో సహా మరో కంప్యూటర్‌కు పట్టుకెళ్లి, అక్కడ దగ్గరగా పెట్టి, వైఫై ఆపి ఆడి చూడాలి. అక్కడా తెగితే వారంటీ కింద తిరిగివ్వాలి. ఇచ్చేటప్పుడు మౌస్ ఒక్కటే ఇస్తే సరిపోదు. గేమింగ్ మౌస్ చాలావరకు తన డాంగిల్‌తోనే జతపడి వస్తుంది, రెండూ కలిపి ఇస్తేనే సర్వీసు సెంటర్‌లో లోపం దొరుకుతుంది. ఏ పోర్టులో పెట్టారో, ఎంత దూరంలో పెట్టారో, వైరుతో ఆడితే ఎలా ఉందో ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేయండి.